డిగ్రీ మన జిల్లాలోనే చదివి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ దాకా వెళ్లినవాళ్లు ఉన్నారా?

దేవరకొండ బీజెడ్‌సీ:

అందరికీ నమస్తే. నేను నల్లగొండలో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది దేవరకొండ వైపు పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నాను. నాన్నకు బత్తాయి తోట ఉంది గానీ రెండేళ్ల కింద బోరు ఎండిపోయి సగం చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పైసలు కట్టి కోచింగ్‌కు పోయే పరిస్థితి మా ఇంట్లో లేదు.

నాకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. ఫస్టియర్‌లో సాల్ట్ అనాలిసిస్ చేస్తున్నప్పుడు టెస్ట్‌ట్యూబ్ గోడ వెంబడి ఆమ్లం చుక్కచుక్కగా వదిలాను. రెండు ద్రవాలు కలిసే చోట గోధుమ రంగు రింగు మెల్లగా కట్టింది. నైట్రేట్ ఉంటే రింగు వస్తుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, అది నా చేతిలో కట్టడం చూసిన రోజు రాత్రి హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను. ఇందులోనే పెద్ద చదువు చదవాలని అప్పుడే అనుకున్నాను.

కానీ మా ల్యాబ్ సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. ద్రావణాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే బ్యూరెట్లు నలభై మందికి సరిగ్గా పనిచేసేవి ఆరు. ఒకరు చేస్తుంటే ఐదారుగురు చుట్టూ నిలబడతాం. ఒకరికి వచ్చిన రీడింగే అందరం రాసుకుంటాం. రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చుకుని చూసి రాయడమే. అణువు ఎలా ఉందో అయస్కాంతంతో కనిపెట్టే ఎన్ఎంఆర్ బొమ్మలు పుస్తకంలో ఉన్నాయి, ఆ మిషన్ ఎలా ఉంటుందో మాలో ఒక్కరం కూడా చూడలేదు.

మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. "అక్కడ చదివితే నీకు పీహెచ్‌డీ సీటు ఎవరిస్తరు? అది వదిలేసి ఇక్కడ పెద్ద కాలేజీలో మళ్లీ ఫస్టియర్‌లో చేరు" అంటున్నాడు. అమ్మేమో డిగ్రీ కాగానే బీఈడీ చేయమంటోంది. రోజూ ఇదే టెన్షన్. మన దగ్గర చదివి పీహెచ్‌డీ దాకా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాలేజీ మారాలా? ఇప్పటి నుంచి నేను ఏం చేయాలి? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.


జడ్చర్ల క్యూసీ:

చెల్లీ, ముందు నా సంగతి చెప్తా. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ, పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు పోలేపల్లిలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో నాలుగో ఏడు. ఎమ్మెస్సీ అయిపోగానే అక్క పెళ్లి అప్పు ఉండె, ఉద్యోగం తప్పలేదు. దానికి బాధ లేదు.

మా దగ్గర మందులో ఏమేం ఉన్నాయో విడదీసి చూపించే హెచ్‌పీఎల్‌సీ మిషన్లు వరుసగా ఉంటాయి. మిషన్లు చూడలేదని నువ్వు బాధపడుతున్నావు గానీ, వాటి ముందు రోజూ ఎనిమిది గంటలు నిలబడితే ఒకటి తెలిసింది. ఏ బ్యాచ్ వచ్చినా అదే కాలమ్ (విడదీసే గొట్టం), అదే మొబైల్ ఫేజ్ (అందులో పారే ద్రవం). తెర మీద గీత పైకి లేచే చోటు, అదే పీక్, ఏ నిమిషానికి రావాలో ముందే కాగితం మీద రాసి ఉంటుంది. రాకపోతే పైవాళ్లకు చెప్పాలి. ఎందుకు రాలేదో వెతికే పని నాది కాదు. నాకు కావాల్సింది ఆ వెతికే పనే. అందుకే ఇప్పుడు షిఫ్టు దిగి వచ్చాక పీహెచ్‌డీ కోసం రాసే నెట్ పరీక్షకు చదువుతున్నా.

ఇంట్లో ఏదోలా నడుస్తుందంటే మధ్యలో ఉద్యోగంలోకి రాకు. వచ్చాక మళ్లీ పుస్తకం పట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాలేజీ మారే సంగతి నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.


మర్రిగూడ కెమిస్ట్రీ:

అమ్మా, నీ ప్రశ్న పొద్దున బస్సులో చదివాను. సాయంత్రం దాకా మనసులో అదే తిరుగుతోంది. మాది మర్రిగూడ మండలం. 2007లో నల్లగొండలో డిగ్రీలో చేరాను, నీలాగే బీజెడ్‌సీ, నీలాగే తెలుగు మీడియం. తర్వాత ఎమ్మెస్సీ. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక జాతీయ ప్రయోగశాలలో ఐదున్నరేళ్లు పీహెచ్‌డీ. ఇప్పుడు పాలమూరు వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చెప్తున్నాను. కాబట్టి ఉన్నారా అంటే ఉన్నాం. నాతోపాటు ల్యాబ్‌లో పనిచేసినవాళ్లలో కూడా సగం మంది ఇలాంటి కాలేజీల నుంచి వచ్చినవాళ్లే.

కాలేజీ మారకు. రెండేళ్లు పోగొట్టుకుని మళ్లీ ఫస్టియర్‌లో చేరితే నీకు దొరికేది ఇంకో నాలుగు బ్యూరెట్లు. దానికి నగరంలో గది అద్దె, తిండి ఖర్చు, నాన్న మీద ఇంకో అప్పు. అంత విలువ లేదు.

కానీ నీ ల్యాబ్ గురించి రాసిన మాటల్లో ఒకటి నన్ను ఆపేసింది. ఒకరి రీడింగే అందరం రాసుకుంటామన్నావు. బ్యూరెట్లు తక్కువ కావడం కన్నా పెద్ద నష్టం అదే. నేనూ అదే చేశాను కాబట్టి చెప్తున్నాను. మా కాలంలో సెకండియర్ దాకా నా రికార్డులో నా సొంత అంకె ఒక్కటి కూడా లేదు. ఈడీటీఏ టైట్రేషన్‌లో రంగు ఎర్ర ద్రాక్ష నుంచి నీలానికి మారాలి. మధ్యలో ఊదా రంగు దగ్గర ఒక్క చుక్క తేడాలో మనిషికో రీడింగ్ వస్తుంది. మూడుసార్లు చేస్తే మూడూ ఒకటే రావాలనుకునేవాళ్లం, రాకపోతే దిద్దేవాళ్లం. మాకు జవాబు ముందే తెలుసు కదా, పోయినేడు అక్క రికార్డులో ఉంది. పీహెచ్‌డీలో ముందటి సంవత్సరం రికార్డు ఉండదు. అక్కడ వచ్చిన అంకెను నమ్మాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకోవాలి. ఆ పని డిగ్రీలో ఒక్కసారైనా చేసినవాళ్లు నిలబడతారు.

నాకు ఆ ఒక్కసారి ఎలా దొరికిందో చెప్తాను, కొంచెం పెద్ద కథ.

మా నాయనమ్మ నడుము పూర్తిగా వంగిపోయి ఉండేది. మా ఊళ్లో అట్లాంటి వాళ్లు చాలామంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని అందరికీ తెలుసు, కానీ మా ఇంటి బోరులో ఎంతుందో మాకు తెలియదు. థర్డియర్‌లో మా కెమిస్ట్రీ సార్‌తో ఒకరోజు ఊరికే ఈ మాట అన్నాను. ఆయన "కొలుద్దాం" అన్నారు. అంతే, ప్రాజెక్టు అని పేరు పెట్టలేదు, మార్కులు లేవు.

కొలిచే పద్ధతి స్పాండ్స్ అనే రంగుతో. జిర్కోనియం అనే లోహం ఆ రంగుతో కలిసి ఎర్రగా ఉంటుంది. అందులో నీళ్లు కలిపితే ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియాన్ని తనవైపు లాక్కుంటుంది, ఎరుపు పలచబడుతుంది. ఎంత పలచబడిందో, రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్‌లో 570 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తే ఎంత ఫ్లోరైడ్ ఉందో తెలుస్తుంది. ముందు మనకు తెలిసిన ఫ్లోరైడ్ ద్రావణాలు లీటరుకు సున్నా నుంచి 1.4 మిల్లీగ్రాముల దాకా చేసుకుని గ్రాఫ్ గీయాలి. నా మొదటి గ్రాఫు వంకర టింకరగా వచ్చింది. రెండు రోజులు తలపట్టుకున్నాక తెలిసింది, కొన్ని ద్రావణాలు పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూశాను, మిగతావి ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం చూశాను. ఈ రంగుకు వేడి తేడా పడదు. అన్నిటినీ ఒకే నీళ్ల తొట్లో అరగంట పెట్టి చూస్తే గీత చక్కగా నిలబడింది.

మా ఇంటి బోరు నీళ్లు నేరుగా పెడితే గ్రాఫు దాటిపోయింది. నాలుగు రెట్లు పలచన చేస్తే గానీ కొలతకు అందలేదు. ఆ రోజు ఇంటికి పోయి నాయనమ్మ దగ్గర కూర్చున్నాను, ఏం చెప్పాలో తెలియలేదు.

తర్వాత మన జిల్లా పేరు మీదనే ఉన్న నల్లగొండ పద్ధతి చేసి చూద్దామనుకున్నాం. నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించింది. బకెట్ నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి తేరనిస్తే పటికలోని అల్యూమినియం దూదిలాగా ముద్ద కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. చేశాను. పైనీళ్లు తీసి కొలిస్తే ఫ్లోరైడ్ దాదాపు సున్నా. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఊరికి పోయి అందరికీ చెప్దామని బస్సు టైము కూడా చూసుకున్నాను.

సార్ కాగితం చూసి ఒక్క ప్రశ్న అడిగారు. "నీళ్లలో మిగిలిన పటిక ఎక్కడికి పోయింది?"

నాకు అర్థం కాలేదు. ఆయన విడమర్చి చెప్పలేదు, లైబ్రరీకి పంపారు. నాలుగు రోజులు పట్టింది. నీళ్లలో కొంచెం అల్యూమినియం మిగిలినా అది ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న ఫ్లోరైడ్ జిర్కోనియం దగ్గరకు పోదు. రంగు పలచబడదు. అంటే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంది, నా కొలతకు మాత్రం కనపడటం లేదు. ఇంకోవైపు బ్లీచింగ్ పౌడర్‌లో మిగిలిన క్లోరిన్ రంగును తినేస్తుంది, దాని వల్ల ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకటి కిందికి లాగుతోంది, ఇంకొకటి పైకి లాగుతోంది. నా సున్నాలో ఏది ఎంతో నాకే తెలియదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఒక బకెట్ బ్లీచింగ్ లేకుండా, ఒక బకెట్ పటిక తగ్గించి. తెలిసినంత ఫ్లోరైడ్‌ను శుద్ధి చేసిన నీళ్లలో కావాలని కలిపి, అంతా తిరిగి కొలతలో కనపడుతోందా అని చూశాను. కనపడలేదు. సార్ అడిగింది నిజమేనని అప్పుడు ఒప్పుకున్నాను.

ఆ వేసవి సెలవులంతా అలాగే గడిచింది. పేపరు రాలేదు, బహుమతి రాలేదు. రెండేళ్ల తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఐదుగురు పెద్దవాళ్లు నా ఎదురుగా కూర్చుని "మీరు స్వయంగా చేసిన పని ఏదైనా చెప్పండి" అన్నప్పుడు నేను ఈ బకెట్ల కథే చెప్పాను. వచ్చీరాని ఇంగ్లీషులోనే. వాళ్లు ఇరవై నిమిషాలు దాని మీదే అడిగారు, నా కాలేజీ ఏదని ఎవరూ అడగలేదు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు పోయినా, ఎమ్మెస్సీ ఇంటర్వ్యూకు పోయినా, నీ దగ్గర ఇట్లాంటి కథ ఒకటి ఉండాలి. అది నీ చేతితో జరిగినదై ఉండాలి.

మీ మేడమ్‌నో సార్‌నో పట్టుకుని అడుగు. పెద్ద సామాను అక్కర్లేదు. కలరీమీటర్ చాలా డిగ్రీ ల్యాబుల్లో ఉంటుంది, బీరువాలో ఉంటే తీయించు. దేవరకొండ వైపు కూడా నీళ్ల బాధ ఉన్న ఊళ్లు తక్కువేం కాదు.

ఇక పరీక్షల సంగతి తొందరగా చెప్తాను. డిగ్రీ తర్వాత మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మన మహాత్మాగాంధీ యూనివర్సిటీ అన్నిటికీ అదొకటే. ప్రశ్నలు డిగ్రీ సిలబస్ నుంచే వస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే పరీక్ష. ఐఐటీలకు, వరంగల్ నిట్ లాంటి వాటికి జామ్ అనే పరీక్ష. బెంగళూరు ఐఐఎస్సీలో బీఎస్సీ తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా జామ్ మార్కులే చూస్తారు. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, డిగ్రీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 ఇస్తారు, రెండేళ్లయ్యాక 42,000, దీనికి ఇంటి అద్దె వేరుగా కలుస్తుంది. 2012లో నేను చేరినప్పుడు 16,000. అదీ ఇంటికి సగం పంపేంత ఉండేది. మీ అమ్మకు ఈ మాట తప్పకుండా చెప్పు. పీహెచ్‌డీ అంటే ఇంకో ఐదేళ్లు ఫీజు కట్టడం అనుకుంటారు మన వాళ్లు. జేఆర్ఎఫ్ ఉంటే నీకే ఇస్తారు.

నేను నెట్ మొదటిసారి తప్పాను. ఏడ్చాను కూడా. రెండోసారి వచ్చింది.


దేవరకొండ బీజెడ్‌సీ:

అక్కా, మీరు రాసింది మా రూమ్‌లో ముగ్గురం కూర్చుని రెండుసార్లు చదివాం. మీ నాయనమ్మ గురించి చదివినప్పుడు మా ఊళ్లో మా మేనత్త గుర్తొచ్చింది. ఆమెకు పళ్లన్నీ పసుపు గారలు.

రెండు భయాలు ఉన్నాయి. నాకు లెక్కలు రావు. ఇంటర్‌లో బైపీసీ. ఫిజికల్ కెమిస్ట్రీలో డి బై డీటీ అని కనపడగానే పేజీ తిప్పేస్తాను. రెండోది ఇంగ్లీషు. మా క్లాసులో సార్ తెలుగులోనే చెప్తారు, అర్థమవుతుంది. ప్రశ్న ఇంగ్లీషులో చదివితే ఏం అడిగారో తెలిసేలోపు టైం అయిపోతుంది.


మర్రిగూడ కెమిస్ట్రీ:

పేజీ తిప్పకు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లం ఎక్కువమంది అక్కడే ఆగిపోతాం. లెక్కల భయంతో ఆర్గానిక్ ఒక్కటే పట్టుకుని, థర్మోడైనమిక్స్, క్వాంటమ్ వదిలేస్తాం. పరీక్షలో ఆ మార్కులన్నీ పోతాయి. కొన్ని ఐఐటీలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి కూడా ఇంటర్‌లోనో డిగ్రీలోనో లెక్కలు చదివి ఉండాలంటాయి. దరఖాస్తు చేసేముందు ఒక్కో సంస్థ అర్హతలు విడిగా చూసుకో.

నేను ఏం చేశానంటే, పక్కింటి పిల్లవాడి ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ బీ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. అందులో అవకలనాలు. తెలుగు మీడియం పుస్తకమే. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఐదు లెక్కలు, అంతకు మించి లేదు. సంక్రాంతికి మొదలుపెడితే వేసవి వచ్చేసరికి సమాకలనాల్లోకి వెళ్లాను. నీకు మొత్తం లెక్కలు అక్కర్లేదు. అవకలనం, సమాకలనం, లాగరిథమ్, కొంచెం మాత్రికలు. చర్య వేగ స్థిరాంకం కనుక్కుని, దాని లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమంతో గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు నుంచే, చర్య జరగడానికి కావాల్సిన ఉత్తేజన శక్తి తెలుస్తుంది. ఎస్టర్ జలవిశ్లేషణ ప్రయోగం మీ ల్యాబ్‌లో ఎలాగూ ఉంటుంది. దాన్ని ఒకసారి మామూలు నీళ్లలో, ఒకసారి గోరువెచ్చని నీళ్లలో, ఇంకోసారి ఇంకొంచెం వేడిలో చేసి నీ చేత్తో ఆ గీత గీయి. ఆ రోజు నుంచి వాలు అంటే నీకు లెక్క అనిపించదు.

ఇంగ్లీషు మాట. పరీక్షలో ప్రశ్నలు తెలుగులో ఉండవు, అది ఒప్పుకోవాల్సిందే. నేను తెలుగు అకాడమీ పుస్తకంలో ఒక అధ్యాయం చదివి అర్థం చేసుకుని, తర్వాత అదే అధ్యాయం ఇంగ్లీషు పుస్తకంలో చదివేదాన్ని. విషయం ముందే తెలుసు కాబట్టి పదం తెలియకపోయినా ఊహకు అందేది. చిన్న నోట్‌బుక్‌లో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట. సమతాస్థితి, ఆక్సీకరణం, ఉత్ప్రేరకం, అన్నీ రెండు భాషల్లో. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇప్పుడు నా క్లాసులో పిల్లలకు చూపిస్తాను. స్వయం, ఎన్‌పీటీఈఎల్ వెబ్‌సైట్లలో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. మొదట్లో వాళ్ల ఇంగ్లీషు వేగం అందదు, వేగం తగ్గించి విను. ముందు విషయం తెలుగులో గట్టిగా పట్టుకో. తెలుగులో అర్థం చేసుకున్నందువల్ల నువ్వు ఎవరికన్నా తక్కువ కావు.

ఇంకొకటి మర్చిపోయాను. జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ప్రతి ఏడాదీ వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు ఒక పెద్ద ల్యాబ్‌లో పనిచేయొచ్చు, భత్యం ఇస్తారు. డిగ్రీ పిల్లలు కూడా పెట్టుకోవచ్చు. దరఖాస్తులు చలికాలంలోనే అడుగుతారు, మన పిల్లలకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. అందులో నువ్వు ఎందుకు చేయాలనుకుంటున్నావో ఒక పేజీ రాయాలి, ఒక టీచర్ నీ గురించి ఉత్తరం రాయాలి. నీళ్ల పని చేస్తే ఆ పేజీలో రాయడానికి నీకు విషయం ఉంటుంది, మీ మేడమ్‌కు కూడా "తెలివైన విద్యార్థిని" అన్న ఒక్క మాట కాకుండా రాయడానికి ఏదో ఉంటుంది.

ఎన్ఎంఆర్ చూడాలని ఉందన్నావు కదా. సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ స్థాపన దినం, జాతీయ ప్రయోగశాలలను నడిపే సంస్థ అది. ఆ రోజుల్లో ఆ ప్రయోగశాలలు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. హైదరాబాద్ తార్నాకలో వాళ్ల కెమిస్ట్రీ ప్రయోగశాల ఐఐసీటీ ఉంది, 1944 నుంచి ఉన్న సంస్థ. కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ ఉత్తరంతో ఇరవై మంది కలిసి వెళ్లండి. నేను మొదటిసారి ఎన్ఎంఆర్ గది ముందు నిలబడినప్పుడు ఫోన్, పర్సు, తాళాలు బయట బల్ల మీద పెట్టమన్నారు. లోపల తెల్లటి పెద్ద డబ్బా, పీపా లాగా, కాళ్ల మీద నిలబెట్టి ఉంది. లోపల అయస్కాంతాన్ని చల్లగా ఉంచడానికి ద్రవ హీలియం, దాని చుట్టూ ద్రవ నత్రజని. పెన్సిల్ అంత సన్నటి గాజు గొట్టంలో ఒక చెంచా కూడా లేని ద్రావణం. అది పైనుంచి గాలి మీద తేలుతూ మెల్లగా లోపలికి దిగిపోయింది. నాలుగు నిమిషాల్లో తెర మీద గీతలు వచ్చాయి. మూడేళ్లు పుస్తకంలో బట్టీ పట్టిన గీతలవి. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి.


పానగల్లు నుంచి అమెరికా:

ఒక చిన్న మాట. నేను నల్లగొండ పానగల్లు వాడిని, ఇక్కడ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ మూడో ఏడు. అక్క చెప్పింది చదివాక రాయాలనిపించింది.

ఇక్కడ నాతోపాటు చేరినవాళ్లలో చాలామంది చిన్న డిగ్రీ కాలేజీల వాళ్లు. ఆ కాలేజీల్లో పీహెచ్‌డీ కోర్సే ఉండదు, ఎమ్మెస్సీ కూడా ఉండదు. డిగ్రీ పిల్లలు మాత్రమే. పెద్ద యూనివర్సిటీలో డిగ్రీ పిల్లవాడికి ప్రొఫెసర్ దొరకడు. ఈ చిన్న కాలేజీలో మాత్రం ప్రొఫెసర్ పక్కన నిలబడి పనిచేసేది ఆ డిగ్రీ పిల్లవాడే, ఎందుకంటే వేరే ఎవరూ లేరు. డిగ్రీలో పరిశోధన ఉండాలని 1978లో ఇక్కడ ఒక మండలి పెట్టుకున్నారు. పెట్టింది ఇట్లాంటి చిన్న కాలేజీల కెమిస్ట్రీ టీచర్లే. నా ల్యాబ్‌మేట్ అట్లాంటి కాలేజీ నుంచే వచ్చింది. మొదటి రోజు నుంచే మిషన్ విప్పి బాగుచేసుకుంటుంది. నేను ఎమ్మెస్సీ చేసి వచ్చి కూడా ఆరు నెలలు భయపడ్డాను.

అంటే అక్క వాళ్ల సార్ చేసిన పనే ఇక్కడ పద్ధతిగా చేస్తున్నారు. మన దగ్గర అట్లాంటి సార్ ఉంటే అదృష్టం, లేకపోతే లేదు. అది నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడికి రావాలంటే డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చు, కానీ మనది మూడేళ్ల డిగ్రీ కాబట్టి చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఎమ్మెస్సీ చేసి రావడమే మేలు. కెమిస్ట్రీలో సీటు వస్తే ఫీజు ఉండదు, డిగ్రీ పిల్లలకు ల్యాబ్ చెప్పినందుకు జీతం కూడా ఇస్తారు. అప్పు చేసి వచ్చే ఎమ్మెస్‌కు, దీనికి సంబంధం లేదు. మీ నాన్నకు ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్లు వేరేలా చెప్తే నమ్మవద్దు.


జడ్చర్ల క్యూసీ:

అక్కా, పటిక సంగతి చదివి ఇవాళ షిఫ్టులో ఒక పీక్ గురించి మా టీమ్ లీడర్‌ను ఎందుకు అని అడిగాను. కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడు. అడిగితే చెప్పేవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, నాలుగేళ్లు నేనే అడగలేదు.


దేవరకొండ బీజెడ్‌సీ:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మా మేడమ్‌కు అక్క రాసింది ఫోన్‌లో చూపించాను. మొత్తం చదివి, "కలరీమీటర్ స్టోర్‌రూమ్‌లో ఉంది, బల్బు పోయింది" అన్నారు. ఇవాళ అటెండర్ అన్న దాన్ని బయటికి తీసి దుమ్ము తుడిచాడు. బల్బు మేడమ్ తెప్పిస్తామన్నారు. కొన్నాళ్లు కాలేజీ అయిపోయాక ల్యాబ్ తాళం నాకు, మా క్లాస్ పిల్లలు ఇద్దరికి ఇస్తామన్నారు.

అమ్మకు ఫోన్ చేసి 37,000 సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నెలకా?" అని అడిగింది. బీఈడీ మాట ఇంకా వదల్లేదు గానీ, ముందు డిగ్రీ మంచిగా పూర్తి చేయమంది.

ఈ ఆదివారం ఊరికి పోతున్నా. మేనత్త ఇంటి బోరు, మా బోరు, బడి దగ్గర చేతిపంపు, మొత్తం ఆరు చోట్ల నీళ్లు తెస్తాను. హాస్టల్ వంటగదిలో ఖాళీ గాజు సీసాలు దొరికాయి, బాగా కడిగి పెట్టాను. అవి సరిపోతాయా అక్కా?


మర్రిగూడ కెమిస్ట్రీ:

గాజు వద్దు. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసాలే పట్టుకెళ్లు, మంచినీళ్ల సీసాలు కొత్తవైతే చాలు. బోరు మోటారు వేయగానే వచ్చే నీళ్లు పట్టకు. ఐదు నిమిషాలు వదిలేసి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపి మూత బిగించు. సీసా మీద ఊరు, ఎవరి బోరు, ఎన్ని అడుగులు, తేదీ, టైము అక్కడికక్కడే రాయి, ఇంటికొచ్చాక రాద్దామనుకుంటే కలిసిపోతాయి. బ్లీచింగ్ వేసిన ట్యాంకు నీళ్లయితే ఆ మాట కూడా రాయి. మీ ఇంట్లో ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా ఉంటే ఆ నీళ్లు కూడా ఒక సీసా పట్టు, పక్కన పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ప్రతి సీసా మూడుసార్లు కొలువు. మూడు అంకెలూ వేరువేరుగా వస్తే మూడూ రాసుకో, ఒక్కటీ కొట్టేయకు. సోమవారం ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.